ఒక లింకు, నాలుగు చదువులు

ఒక ఊరి గ్రంథాలయానికి వెబ్ పేజీ ఉందనుకుందాం. అందులో "పుస్తకం కావాలని రాయండి" అనే లింకు. నొక్కగానే మెయిల్ రాసే పెట్టె తెరుచుకుంటుంది. "టూ" గడిలో లైబ్రేరియన్ అడ్రసు, కార్యదర్శి అడ్రసు రెండూ అప్పటికే ఉంటాయి. "సీసీ" గడిలో కమిటీ అడ్రసు. సబ్జెక్టు నిండి ఉంటుంది. లోపల పేరు, పుస్తకం, రచయిత అని మూడు వరుసలు, ప్రతి వరుస పక్కన ఖాళీ. పాఠకుడు ఆ ఖాళీలు పూరించి పంపడమే తరువాయి.

ఇంత ఏర్పాటు వెనక సర్వర్‌లో నడిచే ప్రోగ్రాం ఏదీ లేదు, డేటాబేస్ లేదు. ఉన్నది ఒక్క లైను. ఆ లైనును వరుసగా నాలుగుసార్లు చదువుతారు. మొదట బ్రౌజర్ దాన్ని పేజీలో ఒక భాగంగా చదువుతుంది. తర్వాత మెయిల్ ప్రోగ్రాం లింకుగా చదువుతుంది. ఆ పైన అదే ప్రోగ్రాం అందులోని అడ్రసులను ఈమెయిల్ నియమాల ప్రకారం చదువుతుంది. చివరగా మనిషి చదువుతాడు. ఒక్కో చదువులో ఒక్కో గుర్తుకు ఒక్కో అర్థం. నాలుగు చదువుల్లోనూ తప్పుపోకుండా నిలిచే లైను రాయడమే ఇందులోని పనితనం. దాన్ని భాగం భాగంగా విప్పి చూద్దాం. అసలు పేజీలో ఈ లైను రోమన్ లిపిలో ఉంటుంది. ఇక్కడ దాన్ని పలికే తీరులో తెలుగులో రాస్తున్నాను. అడ్రసులన్నీ కల్పితాలు.

లైను మొదటి మాట మెయిల్‌టు. దాని వెంటనే కోలన్. మామూలు వెబ్ అడ్రసులో కోలన్ తర్వాత రెండు ఏటవాలు గీతలు ఉంటాయి. ఆ తర్వాత వచ్చేది ఫలానా కంప్యూటర్ పేరు అని అవి చెబుతాయి. మెయిల్‌టులో ఆ గీతలు ఉండవు, ఎందుకంటే ఈ లింకు ఏ కంప్యూటర్ దగ్గరికీ వెళ్లదు. "నా వెనక ఉన్నది మెయిల్ అడ్రసు, దీన్ని మెయిల్ పని చూసేవాళ్లకు అప్పగించు" అని బ్రౌజర్‌కు చెప్పి తప్పుకుంటుంది.

ఈ మాట ఇంటర్నెట్ ప్రమాణాల్లోకి 1994 డిసెంబరులో వచ్చింది. టిమ్ బెర్నర్స్-లీ, లారీ మాసింటర్, మార్క్ మెక్‌కాహిల్ సంపాదకులుగా వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 1738 అనే ప్రమాణ పత్రంలో మెయిల్‌టుకు ఒకే ఒక్క అడ్రసు పట్టేది. ఒకరికంటే ఎక్కువమందికి రాసే వీలు, సబ్జెక్టు ముందే నింపే వీలు 1998 జులైలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2368 ఇచ్చింది. దాని రచయితలు పాల్ హాఫ్‌మన్, మాసింటర్, జేమీ జవిన్‌స్కీ. ఇంగ్లీషు కాని భాషల అక్షరాలు ఎలా ఇమడాలో తేల్చి, పాత మాటల్లోని అస్పష్టతలను సరిచేసినది 2010 అక్టోబరు నాటి ఆర్‌ఎఫ్‌సీ 6068. దాన్ని మార్టిన్ డ్యూర్స్ట్, మాసింటర్, జవిన్‌స్కీ రాశారు. మూడింటిలోనూ మాసింటర్ పేరు కనిపిస్తుంది. ఇంత చిన్న నిర్మాణాన్ని పదహారేళ్లపాటు వదలకుండా చెక్కుతూ వచ్చారంటే, దాని మీద ఎంత పట్టింపు ఉందో తెలుస్తుంది.

కోలన్ తర్వాత అడ్రసులు. ఇద్దరికి రాయాలంటే రెండు అడ్రసుల మధ్య ఒక కామా పెడితే చాలు:

మెయిల్‌టు:లైబ్రేరియన్@లైబ్రరీ.ఉదాహరణ,కార్యదర్శి@లైబ్రరీ.ఉదాహరణ

మూడో మనిషి ఉంటే మరో కామా. కామా తర్వాత ఖాళీ ఉండదు. ఇక్కడికి అడ్రసులే వస్తాయి, మనుషుల పేర్లు రావు. ఈ కామాను మెయిల్‌టు కొత్తగా కనిపెట్టలేదు. 1982లో డేవిడ్ క్రాకర్ రూపొందించిన ఆర్‌ఎఫ్‌సీ 822 ఈమెయిల్ శీర్షికల్లో అడ్రసులను కామాతో వేరుచేయాలని చెప్పింది. ఆ తర్వాతి ప్రమాణాలూ దాన్నే నిలబెట్టాయి. మనిషి పేరుకూ యంత్రం పేరుకూ మధ్య ఉండే @ గుర్తు అంతకంటే పాతది. రే టాంలిన్సన్ 1971లో దాన్ని ఎంచుకున్నాడు. లింకు తయారుచేసినవాళ్లు ఈ పాత గుర్తులను ఉన్నవి ఉన్నట్టే తీసుకున్నారు. మెయిల్ ప్రోగ్రాంకు ముందునుంచీ అర్థమయ్యే భాషనే వాడారు కాబట్టి, లింకులోంచి తీసిన అడ్రసుల జాబితా నేరుగా "టూ" గడిలోకి ఒదిగిపోతుంది.

కామాకు పోటీగా నిలిచేది సెమికోలన్. మైక్రోసాఫ్ట్ ఔట్‌లుక్‌లో అడ్రసుల మధ్య సెమికోలన్ పెట్టడం ఆఫీసుల్లో చాలామందికి చేతికి అలవాటైన పని. పేర్లను "ఇంటిపేరు, పేరు" పద్ధతిలో చూపించే చోట కామా పేరులోదో విభజనకో తేల్చడం కష్టం, సెమికోలన్‌తో ఆ చిక్కు ఉండదు. కామాను కూడా విభజనగా తీసుకోమని చెప్పే ఎంపిక ఔట్‌లుక్ సెట్టింగుల్లో విడిగా ఉంది. అలాగని లింకులో సెమికోలన్ పెడితే, ప్రమాణాన్ని అనుసరించే మిగతా ప్రోగ్రాంలు తడబడతాయి. అందుకే తెలిసిన పనివాడు కామానే వాడతాడు. పేజీ చూసేవాళ్లలో ఔట్‌లుక్ వాడేవాళ్లు ఎక్కువైతే, అందులో ఒకసారి నొక్కి చూసుకుంటాడు.

అడ్రసుల జాబితా ముగిసిందని చెప్పేది ప్రశ్నార్థకం గుర్తు. లైను మొత్తంలో అది ఈ పనికి ఒక్కసారే వస్తుంది. దాని తర్వాతివన్నీ జంటలు: గడి పేరు, సమాన గుర్తు, గడిలోకి వెళ్లాల్సిన విషయం. ఒక జంటకూ ఇంకో జంటకూ మధ్య & గుర్తు. సీసీ, బీసీసీ, సబ్జెక్ట్, బాడీ అనే నాలుగు గడులు ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. వీటిలో బాడీ ఒక్కటి మిగతా మూడింటి కోవకు చెందదు. మెయిల్ శీర్షికల్లో బాడీ అనే గడి అసలు లేదు. ఉత్తరంలోని అసలు విషయాన్ని కూడా జంటల వరుసలోనే పంపగలిగేలా దాన్ని శీర్షికలాగా నటింపజేశారు. ఒక్క వెసులుబాటుతో ఇంకో కొత్త గుర్తు అవసరం తప్పింది.

ఎక్కువమందికి రాసే లింకులో అసలు ఆలోచన కావాల్సింది ఎవరిని ఏ గడిలో పెట్టాలన్న విషయంలో. టూలో ఉన్నవాళ్లు పని చేయాల్సినవాళ్లు. మన గ్రంథాలయంలో పుస్తకం వెతికేది లైబ్రేరియన్, కొనడానికి ఒప్పుకోవాల్సింది కార్యదర్శి. కాబట్టి ఇద్దరూ టూలో ఉంటారు. కమిటీకి సంగతి తెలిస్తే చాలు, అందుకని సీసీ. టూలోనే అందరినీ కుక్కితే జవాబు ఇంకెవరో ఇస్తారులే అని అందరూ ఊరుకునే ప్రమాదం ఉంది. గడి ఎంపికలోనే ఎవరి బాధ్యత ఏమిటో తేలిపోతుంది.

బీసీసీ విషయం ఇంకా సూక్ష్మం. మామూలు ఉత్తరంలో బీసీసీలో ఉన్న మనిషి మిగతా గ్రహీతలకు కనబడడు. లింకులో పెట్టిన బీసీసీ అడ్రసు మాత్రం పేజీ సోర్సు తెరిచిన ఎవరికైనా కనిపిస్తుంది, మెయిల్ రాస్తున్న పాఠకుడికీ కనిపిస్తుంది. అంటే లింకులోని బీసీసీ గ్రహీతల మధ్య మర్యాద కాపాడుతుందే తప్ప ఎవరి అడ్రసునూ దాచిపెట్టదు. బయటపడకూడని అడ్రసును బీసీసీలో పెట్టి నిశ్చింతగా ఉండటం కుదరదు. దాన్ని లింకులో పెట్టకపోవడమే దారి.

ప్రమాణంలో ఇంకో జాగ్రత్త మాట ఉంది. లింకు రాసేవాళ్లు సబ్జెక్టు, బాడీ తప్ప ఇంకే గడినీ ఎదుటి ప్రోగ్రాం తప్పక అర్థం చేసుకుంటుందని ఆశించరాదు అని ఆర్‌ఎఫ్‌సీ 6068 చెబుతుంది. సీసీని దాదాపు అన్ని ప్రోగ్రాంలూ పాటిస్తాయి, అయినా అది హామీ కాదు. ప్రశ్నార్థకం తర్వాత "టూ" అని మళ్లీ రాసి అక్కడ ఇంకొన్ని అడ్రసులు చేర్చడానికి నియమం ఒప్పుకుంటుంది. కానీ కొన్ని ప్రోగ్రాంలు దాన్ని సరిగా చదవవు కాబట్టి ఆ పద్ధతి వద్దని అదే పత్రం సలహా ఇస్తుంది. దీన్నుంచి తేలే సూత్రం ఒకటే. ఎవరికి ఉత్తరం తప్పనిసరిగా చేరాలో వాళ్ల అడ్రసులు ప్రశ్నార్థకానికి ముందే, కామాలతో ఉండాలి. చేరితే మంచిదనుకున్నవాళ్లు ఆ తర్వాత ఉండొచ్చు. సీసీని పాటించని ప్రోగ్రాం ఎదురైనా అసలు పని మాత్రం ఆగదు.

కామా, ప్రశ్నార్థకం, &, సమాన గుర్తు అన్నిటికీ లింకులో ఉద్యోగాలు ఇచ్చేశాం. మరి అవే గుర్తులు సబ్జెక్టులో మామూలు రాతగా కావాలంటే? అప్పుడు వాటికి వేషం వేయాలి. శాతం గుర్తు పెట్టి, దాని వెనక ఆ అక్షరపు సంకేత సంఖ్యను పదహారు అంకెల లెక్కలో రెండు స్థానాల్లో రాస్తారు. ఖాళీ స్థలం %20 అవుతుంది. & గుర్తు %26. చివరికి శాతం గుర్తు కూడా తనను తాను చెప్పుకోవాలంటే %25గా మారాల్సిందే. అడ్రసు లోపలే కామా ఉండటం చాలా అరుదు, అయినా నియమం దాన్నీ ఊహించింది. అలాంటి కామా %2సి అవుతుంది, అడ్రసులను వేరుచేసే కామా మాత్రం కామాగానే ఉంటుంది. ఒకే గుర్తు విభజనగా వచ్చినప్పుడు ఒక రూపం, విషయంగా వచ్చినప్పుడు ఇంకో రూపం. గందరగోళానికి తావే లేదు.

ఖాళీ స్థలం దగ్గర చాలా లింకులు దెబ్బతింటాయి. వెబ్ ఫారాల్లో ఖాళీని + గుర్తుతో రాసే అలవాటు ఉంది. మెయిల్‌టులో అది చెల్లదు, ఇక్కడ + అంటే + మాత్రమే. వచ్చిన మెయిళ్లను వేరుచేసుకోవడానికి తమ అడ్రసు మధ్యలో + పెట్టుకునేవాళ్లు ఉన్నారు. దాన్ని ఖాళీగా మారిస్తే ఆ అడ్రసే చెడిపోతుంది. అందుకే జావాస్క్రిప్ట్‌తో లింకు కట్టేవాళ్లు ఫారాల కోసం చేసిన సాధనాన్ని వదిలి, ఖాళీని %20గా మార్చే ఎన్‌కోడ్‌యూఆర్‌ఐకాంపొనెంట్‌ను వాడతారు. లేకపోతే గ్రహీతకు చేరే సబ్జెక్టులో మాటమాటకూ మధ్య ఒక + కూర్చుని ఉంటుంది.

బాడీలో వరుస మారాలంటే %0డి%0ఏ అని రాయాలి. ఒక్క వరుస మార్పుకు రెండు సంకేతాలు ఎందుకంటే, మొదటిది రాసే తలను వరుస మొదటికి తెమ్మనీ రెండోది కాగితాన్ని ఒక వరుస పైకి జరపమనీ పాత టెలిప్రింటర్‌కు చెప్పే ఆజ్ఞలు. ఈమెయిల్ ప్రమాణం ఆ జతనే వరుస ముగింపుగా నిలుపుకుంది. మన పేరు, పుస్తకం, రచయిత వరుసలు విడివిడిగా నిలబడేది ఈ జత వల్లనే.

సబ్జెక్టూ బాడీ తెలుగులో ఉండాలంటే ఈ వేషధారణ ఇంకా ఆసక్తికరంగా ఉంటుంది. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ రూపొందించిన యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతానికీ మూడు బైట్లు. ఒక్కో బైటుకు శాతం గుర్తుతో కలిపి మూడు అక్షరాలు. మొత్తం తొమ్మిది. ఒత్తులూ గుణింతాలూ కూడా విడి సంకేతాలే. పుస్తకం అనే మాటలో ప, ఉకారం, స, పొల్లు, త, క, సున్న అని ఏడు సంకేతాలు ఉన్నాయి, కనుక లింకులో అది 63 అక్షరాలు. యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించిన 128 స్థానాలు ఒకేచోట ఉండటం వల్ల ప్రతి తెలుగు సంకేతమూ %ఇ0%బి0తోనో %ఇ0%బి1తోనో మొదలవుతుంది. చివరి బైటు ఒక్కటే మారుతూ ఉంటుంది. ఈ సంగతి తెలిసినవాళ్లకు పిచ్చిరాతలా కనిపించే శాతాల వరుసలో తెలుగు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో ఇట్టే కనబడుతుంది.

తెలుగు ఇంత చోటు తీసుకుంటుంది కాబట్టి పొదుపు కూడా నేర్చుకోవాలి. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 2083 అక్షరాలకు మించిన లింకును ఒప్పుకునేది కాదు. ఆ బ్రౌజర్ కాలం పోయినా, లింకును రెండు వేల అక్షరాల లోపు ఉంచడం ఇప్పటికీ మంచి కొలత. అడ్రసులకూ గడుల పేర్లకూ పోగా మిగిలిన చోటులో ఇంగ్లీషు ఉత్తరం పేజీడు పడుతుంది, తెలుగు మాత్రం రెండు వందల సంకేతాల దగ్గరే ఆగిపోతుంది. "పేరు, పుస్తకం, రచయిత" అన్న మూడు మాటలే 144 అక్షరాలు తింటాయి. కాబట్టి తెలుగు లింకులో వినయపూర్వకమైన పలకరింపులూ వివరణలూ పేజీ మీదే చెప్పి, బాడీలో ఖాళీలకు పేర్లు మాత్రమే పెట్టడం తెలివైన పని.

ఇంతవరకు చూసింది రెండో చదువు, మూడో చదువు. వీటికంటే ముందు బ్రౌజర్ చదివే మొదటి చదువు ఉంది. వెబ్ పేజీలు రాసే భాష హెచ్‌టీఎంఎల్‌లో & అంటే ప్రత్యేక అక్షరం మొదలవుతోందని సంకేతం. అందుకే జంటల మధ్య ఉన్న &ను పేజీలో రాసేటప్పుడు &, ఏఎంపీ, సెమికోలన్ అనే పూర్తి రూపంలో రాస్తారు. బ్రౌజర్ దాన్ని చదివి, మళ్లీ ఒంటి &గా మార్చి ముందుకు పంపుతుంది. ఇక్కడ క్రమం ముఖ్యం. ముందు అడ్రసులు ఈమెయిల్ నియమం ప్రకారం కామాలతో కూర్చాలి, తర్వాత విషయాలకు శాతం వేషం వేయాలి, చివర్లో &కు హెచ్‌టీఎంఎల్ రూపం ఇవ్వాలి. ప్రయాణానికి పులిహోర పొట్లం కట్టేవాళ్లు ముందు ఆకులో పెట్టి, దాని మీద కాగితం చుట్టి, పైన దారం కడతారు. విప్పేవాళ్ల చేతికి ముందు దారం, తర్వాత కాగితం, ఆపైన ఆకు తగులుతాయి. లింకు కట్టేవాళ్లదీ విప్పేవాళ్లదీ ఇలాగే ఎదురెదురు వరుస. కట్టినప్పుడు ఒక పొర తప్పితే విప్పేటప్పుడు సరిగ్గా ఆ పొర దగ్గరే విషయం ఒలికిపోతుంది. సబ్జెక్టు సగంలో తెగిపోయిన లింకు కనబడితే, అందులో విషయంగా రావాల్సిన & ఒకటి శాతం వేషం లేకుండా బయల్దేరిందేమో చూడాలి.

కంప్యూటర్‌లో విడి మెయిల్ ప్రోగ్రాం కాకుండా బ్రౌజర్‌లోనే మెయిల్ చూసుకునేవాళ్లకు ఇంకో పొర చేరుతుంది. మెయిల్‌టు లింకులు తనకే ఇవ్వమని వెబ్ మెయిల్ సంస్థ బ్రౌజర్‌లో నమోదు చేసుకోవచ్చు. అప్పుడు బ్రౌజర్ మన లింకు మొత్తాన్ని ఆ సంస్థ వెబ్ అడ్రసు లోపల ఒక విషయంగా పెట్టి పంపుతుంది. లింకు ఇంకో లింకులో ఒదగాలి కాబట్టి మళ్లీ వేషం వేస్తుంది. %20లోని శాతం గుర్తు %25గా మారి, మొత్తం %2520 అవుతుంది. అవతల రెండుసార్లు విప్పగానే మళ్లీ ఒక ఖాళీ స్థలం. ఎన్ని పొరలు వేసినా అన్నే పొరలు తీస్తే అసలు విషయం చెక్కుచెదరకుండా దొరుకుతుంది. ఈ పద్ధతి బలమంతా అక్కడే ఉంది.

ఇప్పుడు మొత్తం లైను చూడవచ్చు. తెలుగు మాటలు చదవడానికి వీలుగా శాతం వేషం లేకుండా ఇస్తున్నాను, పేజీలో అవి పైన చెప్పినట్టు మారతాయి:

మెయిల్‌టు:లైబ్రేరియన్@లైబ్రరీ.ఉదాహరణ,కార్యదర్శి@లైబ్రరీ.ఉదాహరణ?సీసీ=కమిటీ@లైబ్రరీ.ఉదాహరణ&సబ్జెక్ట్=పుస్తకం%20కావాలి&బాడీ=పేరు:%0డి%0ఏపుస్తకం:%0డి%0ఏరచయిత:

చదివితే అర్థమవుతుంది, ఇందులో తీసేయదగ్గ గుర్తు ఒక్కటీ లేదు. కోలన్ పనిని అప్పగిస్తుంది. కామా మనుషులను వేరుచేస్తుంది. ప్రశ్నార్థకం ఎవరికి అన్నదాన్నీ ఏమిటి అన్నదాన్నీ విడదీస్తుంది. & గడులను వేరుచేస్తుంది. శాతం గుర్తు విషయాన్ని కాపాడుతుంది.

లింకు చుట్టూ కూడా కొంత పని ఉంటుంది. మెయిల్ ప్రోగ్రాం అమర్చుకోని కంప్యూటర్లో, నలుగురూ వాడే యంత్రంలో ఈ లింకు నొక్కితే ఏమీ జరగకపోవచ్చు. అందుకని శ్రద్ధ ఉన్నవాళ్లు అడ్రసులను పక్కనే మామూలు అక్షరాల్లో కూడా రాస్తారు, ఎవరైనా నకలు చేసుకోవచ్చు. గ్రహీతలు అయిదారుగురు దాటితే కామాల జాబితా పెంచరు. మెయిల్ సర్వర్‌లోనే ఒక ఉమ్మడి అడ్రసు తెరిచి, లింకులో అదొక్కటే పెడతారు. కార్యదర్శి మారినప్పుడు పేజీని ముట్టుకోకుండా సర్వర్‌లో ఒకచోట మారిస్తే సరిపోతుంది. వ్యక్తిగత అడ్రసులు పేజీల్లో వెతుక్కుంటూ తిరిగే చెత్త మెయిళ్ల ప్రోగ్రాంలకు చిక్కకుండా ఉంటాయి. ఎన్ని కామాలు పెట్టాలో తెలిసినంతగా ఎక్కడ ఆపాలో కూడా తెలియాలి.

ఇక నాలుగో చదువు. లింకు ఎంత నింపినా మెయిల్ పంపదు, రాసే పెట్టెను తెరిచి ఆగిపోతుంది. ఇది చేతకాక ఆగడం కాదు, కోరి పెట్టుకున్న హద్దు. మనిషి చూసి ఒప్పుకోకుండా ఉత్తరం పోకూడదనీ, ప్రమాదకరమైన గడులను ప్రోగ్రాంలు పట్టించుకోకూడదనీ ప్రమాణం గట్టిగా చెబుతుంది. ఆ హద్దు ఎందుకో 2020లో భద్రతా పరిశోధకులు చూపించారు. ప్రమాణంలో లేని అటాచ్ అనే గడిని కొన్ని మెయిల్ ప్రోగ్రాంలు పాటించేవి. దాంతో ఎవరో పెట్టిన లింకు నొక్కినవాళ్ల కంప్యూటర్‌లోని ఫైలు వాళ్లు గమనించకుండానే ఉత్తరానికి తగిలించే వీలుండేది. రాసిన గడులన్నీ కళ్ల ముందు కనిపించే లింకుకూ, కనిపించకుండా ఫైలు మోసే లింకుకూ తేడా అంతా ఇక్కడే.

అందువల్ల మంచి లింకు తయారుచేసేవాళ్లు చివరి చదువరిని దృష్టిలో పెట్టుకునే మొదటి గుర్తు రాస్తారు. పెట్టె తెరుచుకున్నాక పాఠకుడికి ఎవరెవరికి రాస్తున్నాడో, ఎందుకు రాస్తున్నాడో ఒక్క చూపులో తెలియాలి. కమిటీకి అక్కర్లేదనిపిస్తే సీసీ చెరిపేసుకునే స్వేచ్ఛ ఉండాలి, సబ్జెక్టు మార్చుకునే స్వేచ్ఛ ఉండాలి. కామాలు, శాతాలు, &లు ఇంత కచ్చితంగా పనిచేసేది ఆ పెట్టెలో అవేవీ కనబడకుండా ఉండటానికే. యంత్రాలు మూడు చదువులు తప్పులేకుండా చదివితేనే నాలుగో చదువు మనిషికి తేలికవుతుంది. పంపాలా వద్దా అన్న నిర్ణయం అతనిదే.